కట్టెయ్యనంటే కట్టెయ్యను

మా కుక్కకి ఒక పేరుంది. దాన్ని ఇక్కడ రాయను. రాసినా లాభం లేదు. ఆ పేరు పెట్టి పిలిస్తే అది ఏనాడూ వచ్చిన పాపాన పోలేదు.

ఈ మాట ఒప్పుకోవడం నాకెంత నామోషీయో మీకు తెలియాలంటే నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నేను పీటీ టీచర్ని. సికింద్రాబాద్‌లో ఒక మిషన్ స్కూల్లో ఇరవై ఆరేళ్లుగా ఈల ఊదుతున్నాను. నేను ఒక్క ఈల వేస్తే ఆరువందల మంది పిల్లలు బంతులు ఎక్కడివక్కడ వదిలేసి లైన్లో నిలబడతారు. మా ఆయన గూడ్సు బండి గార్డు. ఆయన జెండా ఊపితే యాభై వ్యాగన్లు కదులుతాయి. అలాంటి ఇంట్లో ఉంటూ, మేమిద్దరం మెట్టుగూడ సందులో గొంతులు చించుకుని అరుస్తుంటే, పదిహేను కిలోల వీధికుక్క మమ్మల్ని ఎవరో దారిన పోయేవాళ్లని చూసినట్టు చూసి తన దారిన తాను పోయేది.

అది స్కూలు నుంచే మా ఇంటికొచ్చింది. పిల్లలు టిఫిన్ డబ్బాలు దులుపుకునే చోట తిరిగేది. ఎవరో పేరెంట్స్ ఫిర్యాదు చేశారని దాన్ని పట్టించి పంపెయ్యాలని ఆఫీసులో అనుకున్నారు. ఆ సాయంత్రమే ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను. ఎవర్నీ అడగలేదు. టీకాలు వేయించాను, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. మొదటిసారి స్నానం చేయిస్తున్నప్పుడు మెడ చుట్టూ వెంట్రుకలు మొలవని గీత ఒకటి చేతికి తగిలింది. చిన్నప్పుడెప్పుడో ఎవరో తీగతో కట్టి ఉంటారు. అది పెరుగుతున్నా తీగ వదులు చెయ్యాలని ఎవరికీ తోచి ఉండదు. నాకు ఒళ్లు మండిపోయింది. సబ్బు చేతులతో దాని మూతి పట్టుకుని, నిన్ను కట్టెయ్యనే, ఎవరేమన్నా కట్టెయ్యను, అని చెప్పాను. మా అత్తమ్మ బాత్రూం గుమ్మంలో నిలబడి, "ముందు దాని నురుగు కడుగమ్మాయ్, ఒట్లు తర్వాత పెట్టుకుందువు గాని" అంది.

బయటికి తీసుకెళ్లేటప్పుడు ఛాతీకి వేసే మెత్తటి బెల్టు ఒకటి కొన్నాను. ఇంట్లోనూ డాబా మీదా మాత్రం అది స్వేచ్ఛగా తిరిగేది. చిక్కల్లా కింది గేటు దగ్గరే. మా బిల్డింగులో తొమ్మిది ఇళ్లు. తొమ్మిది ఇళ్లవాళ్లూ వాళ్ల బండ్లు బయటికి తీసేటప్పుడు గేటు తెరుస్తారు, మూసేటప్పటికి ఫోన్ మోగుతుంది. ఆ సందు చూసుకుని ఇది మెట్లమీంచి బాణంలా దూసుకుపోయేది. అది వచ్చిన ఏడాదికి, ఒక్క మూడు నెలల్లోనే మూడుసార్లు పోయింది. మూడోసారి అసోసియేషన్ సెక్రటరీగారు పాల ప్యాకెట్లతో వస్తుంటే ఆయన కాళ్ల మధ్యనుంచి దూరింది. ఆయన పడలేదు గానీ పాలు పడ్డాయి.

సెక్రటరీగారు రైల్వే ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఆదివారం పార్కింగులో కుర్చీలు వేయించి మీటింగు పెట్టాడు.

"ఏందీ టీచరమ్మా, గిట్లైతే ఎట్ల? ఇది మూడోసారి. అందరు పరేషాన్ అయితున్నరు."

"పాలు తెచ్చిచ్చిన కదా సార్?"

"పాల సంగతి కాదమ్మా. రేపు ఎవరన్న బండి మీదికెల్లి పడితె? అదే మెయిన్ రోడ్డు మీద లారీ కింద పడితె? కట్టేసుడో, పంపుడో. రెండిట్ల ఒకటి చెప్పుండ్రి."

"కట్టెయ్యను సార్."

"అయితె మున్సిపాలిటీ బండికి ఫోన్ చెయ్యాల్సొస్తది. కమిటీల అందరు సంతకం పెట్టిన్రు."

న్యాయంగా చెప్పాలంటే ఆయన మాటలో తప్పు లేదు. లారీ మాట నిజమే. తప్పు లేదు కాబట్టే నాకు ఇంకా కోపం వచ్చింది. కోపం వచ్చినప్పుడు నా నోరు నా మాట వినదు.

"నెల రోజులు టైం ఇయ్యండి. ఎక్కడున్నా పిలిస్తే వచ్చేటట్టు చేస్త. రాకపోతే మీ ఇష్టం" అనేశాను.

"వీధికుక్కకు ట్రైనింగా? కుక్క తోక పట్టుకొని గోదారి ఈదినట్టే ఉన్నది" అన్నాడాయన. అందరూ నవ్వారు. నవ్వు ఆగాక ఆయనే షరతు చెప్పాడు. నెల తర్వాత ఆదివారం సాయంత్రం, రైల్వే గ్రౌండులో, బెల్టు లేకుండా, కమిటీ ముందు పిలవాలి. వస్తే ఇక ఎవరూ నోరెత్తరు. రాకపోతే అప్పుడు దానికి గొలుసైనా పడాలి, బండైనా రావాలి.

ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, "నీకెందుకొచ్చిన మాట? స్కూల్ పిల్లలనుకున్నవా?" అని బ్యాగు తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆయన అదృష్టవంతుడు, ఏ గొడవైనా రెండో రోజుకి ఆయన ఏ స్టేషన్లోనో ఉంటాడు.

స్కూల్ పిల్లల్లాగానే షురూ చేశాను, నిజం దాచడమెందుకు. పొద్దున్నే ఆరింటికి గ్రౌండుకి తీసుకెళ్లి, బెల్టుకి బట్టలారేసే పొడుగు తాడు కట్టి వదిలి, ఈల వేశాను. అది ఆగింది. నా వైపు చూసింది. తర్వాత సరిగ్గా ఎదురు దిక్కుకి పరిగెత్తింది. మళ్లీ వేశాను. ఇంకా దూరం పోయింది. వారం తిరిగేసరికి ఈల నా నోటి దగ్గరికి వెళ్తుంటేనే అది పారిపోవడం నేర్చుకుంది. అంటే నేను నేర్పినట్టే కదా. చాలా బాగా నేర్పాను. గ్రౌండులో నడిచే పెద్దమనుషులు ఆగి చూసేవాళ్లు. ఒకాయన దగ్గరికొచ్చి, "మేడం, మీరు వెళ్లిపొమ్మని నేర్పిస్తున్నారా?" అని మర్యాదగా అడిగాడు. నా పరువు గంగలో కలిసింది.

తొమ్మిదో రోజు జరిగింది చెప్పకుండా ఈ కథ చెబితే నేను మనిషిని కాదు. ఆరోజు తాడు ముడి ఊడింది. నలభై నిమిషాలు గ్రౌండంతా తిప్పింది నన్ను. ఎనిమిదిన్నరకి స్కూల్ బెల్లు. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, చెప్పులు చేత పట్టుకుని, పేరు పెట్టి తిడుతూ దాని వెంట పరిగెత్తాను. చివరికి నేను కూలబడిపోయాక అది తనంతట తానే వచ్చింది. తల వంచుకుని, తోక కాళ్ల మధ్య పెట్టుకుని, నా ముందుకొచ్చి నిలబడింది. నేను పక్కన ఎవరో వదిలేసిన పేపరు తీసి మడిచి రెండు దెబ్బలు వేశాను.

పారిపోయినందుకు కొట్టాననుకున్నాను. కాదు. అది అంతకు ముందు చేసిన ఆఖరి పని నా దగ్గరికి రావడం. నేను కొట్టింది దానికే. మర్నాటి నుంచి రొట్టె చూపించినా నాకు రెండు బారల దూరంలో ఆగిపోయేది. కోపం నాది, వీపు దానిది. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

ఆరోజు స్కూల్లో ఈల వేశాక పిల్లల ముఖాలు చూశాను. ఇరవై ఆరేళ్లలో లైను వంకరుందా తిన్నగా ఉందా అనే చూశాను తప్ప ముఖాలు చూడలేదు. ఆట మధ్యలో ఆగిపోయిన ముఖాలవి. నా దగ్గరికి రావాలని ఒక్కరికీ లేదు. రాకపోతే ఏమవుతుందో తెలుసు కాబట్టి వస్తున్నారు. ఈల అంటే ఆట అయిపోయిందని అర్థం. పిల్లలు స్కూలు గోడ దాటి ఎక్కడికీ పోలేరు కాబట్టి వచ్చారు. కుక్కకి గోడ లేదు.

అప్పుడు కూర్చుని లెక్కేసుకుంటే, నేను దాన్ని పిలిచిందంతా ఎందుకంటే స్నానానికి, చెవుల్లో మందుకి, సూదికి, ఆట ఆపి ఇంటికి లాక్కెళ్లడానికి. ఒక్కసారన్నా దానికి ఇష్టమైన పనికి పిలవలేదు. ఇంత మంచి పిలుపుకి ఎవరొస్తారు? నేనైతే రాను.

పన్నెండో రోజు గురువారం. మా ఇంట్లో గృహప్రార్థన. మా అత్తమ్మది తెనాలి వైపు. నెలకోసారి చర్చి స్త్రీల సమాజం నుంచి నలుగురైదుగురు వచ్చి హాల్లో కూర్చుని పాటలు పాడి ప్రార్థన చేసి పులిహోర తిని వెళ్తారు. నేను స్కూలు నుంచి వస్తూ గేటు తీశానో లేదో ఇది నా పక్కనుంచి దూకి సందులోకి పోయింది. చివర చికెన్ కొట్టు దగ్గర నాలుగు కుక్కలున్నాయి. వాటిలో కలిసిపోయింది. దాటితే మెయిన్ రోడ్డు. ఈల వేశాను. పేరు పెట్టి పిలిచాను. బతిమాలాను, తిట్టాను. తోకైనా ఊపలేదు.

సరిగ్గా అప్పుడు రెండో అంతస్తులో మా కిటికీలోంచి ఐదుగురు ఆడవాళ్ల గొంతులు ఒక్కసారి వినిపించాయి. "ఆమెన్!"

ఇది చెవులు నిక్కబొడిచింది. కోడి కాళ్లూ వద్దు, స్నేహితులూ వద్దు. గిరుక్కున తిరిగి నా కాళ్ల పక్కనుంచే, నన్ను లెక్కచెయ్యకుండా, సందు పొడవునా దౌడు తీసి గేటులోంచి మెట్లెక్కి మాయమైంది. నేను నోట్లో ఈలతో రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. పైకెళ్లి చూస్తే మా అత్తమ్మ కుర్చీ పక్కన బుద్ధిగా కూర్చుని ఆమె చేతికేసి చూస్తోంది.

"అత్తమ్మా, ఏంటిది?" అన్నాను.

"ఏముంది, నా ముక్క కోసం వచ్చింది" అంది ఆమె, అదేదో అందరికీ తెలిసిందే అన్నట్టు.

సంగతి ఏమిటంటే, మా అత్తమ్మ అన్నం ముందు ప్రార్థన చెయ్యకుండా ముద్ద ముట్టదు. ఆ ప్రార్థన చిన్నది కాదు. వండినవాళ్ల దగ్గర మొదలుపెట్టి, రైల్లో ఉన్న కొడుకు, తెనాలిలో ఉన్న అక్కచెల్లెళ్లు, దేశాన్నేలేవాళ్లు, చివరికి గుమ్మంలో ఉన్న ఈ మూగజీవం దాకా అందర్నీ దేవుడికి అప్పజెప్పి ఆమెన్ అంటుంది. అన్నాక మొట్టమొదటి ముక్క దీనికి పెడుతుంది. నేను చూస్తే ఊరుకోనని టేబుల్ కింద నుంచి పెట్టేది. రోజుకి మూడు పూటలు, ఏడాది పైగా. ముక్క తిన్నాక దాన్ని పట్టుకునేది కాదు, ముద్దు చేసేది కాదు. అది తిని వెళ్లిపోయేది, ఆమె తన అన్నం తాను తినేది. ఆమె దాన్ని ఏనాడూ స్నానానికి పిలవలేదు. ఆమె నోట ఆ మాట వచ్చాక దానికి చెడు జరిగిన రోజు ఒక్కటీ లేదు.

ఇరవై ఆరేళ్ల సర్వీసున్న పీటీ టీచర్ని నేను. మోకాళ్ల నొప్పులతో కుర్చీలోంచి లేవడానికే కష్టపడే ముసలావిడ, నేర్పుతున్నానని కూడా తెలియకుండా నేర్పేసింది. నాకు నవ్వొచ్చింది, కుళ్లూ వచ్చింది.

వచ్చినవాళ్లు వెళ్లాక, "అత్తమ్మా, రేపటి నుంచి గ్రౌండ్ల నేను గా మాటతోనే పిలుస్త" అన్నాను.

ఆమె ముఖం మారిపోయింది. "ఏంటమ్మాయ్, దేవుడి మాటని రోడ్డు మీదకి ఈడుస్తావా? కుక్కని పిలవడానికి దొరికిందా నీకు?"

"పిలుస్తున్నది మీరే కదా, ఏడాది నుంచి?"

"నేను పిలవలేదు. నేను దేవుడికి చెప్పుకున్నా. అది వింది. అంతే."

"నేను సుత దేవుడికే చెప్పుకుంట. దాన్ని బతికించమని."

ఆమె పులిహోర గిన్నె మీద మూత పెట్టేసింది. మర్నాటి నుంచి తన ప్రార్థన కళ్లు మూసుకుని మనసులోనే చేసుకోవడం మొదలుపెట్టింది, నాకు ఆ మాట దొరక్కుండా. పాపం కుక్క ఆమె పాదాల దగ్గర కూర్చుని పెదాలకేసి చూసేది. కళ్లు తెరిచేసరికి దాని కళ్లు ఎదురుగా. మూడు రోజులు చూసింది ఆమె. నాలుగో రోజు రాత్రి మునుపటికన్నా గట్టిగా "ఆమెన్" అని ముక్క పెట్టి, "దాని కళ్లు చూస్తూ నాకు అన్నం దిగట్లేదు. నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. దేవుడడిగితే నువ్వే జవాబు చెప్పుకో" అంది.

చెప్పుకుంటాను. నాకు భయం లేదు.

ఇక నేను మా అత్తమ్మ పద్ధతినే గ్రౌండుకి తీసుకెళ్లాను. డబ్బాలో ఉడకబెట్టిన లివర్ ముక్కలు. ఈల ఇంట్లో మేకుకి. కొద్ది దూరంలో నిలబడి ఆమెన్ అనడం, వస్తే ముక్క పెట్టడం, వెంటనే చెయ్యి తీసేసి పొమ్మనడం. పట్టుకోకూడదు. ఇదే నాకు అన్నిటికన్నా కష్టమైంది. చేతికందిన కుక్క మెడ పట్టుకోవాలని వేళ్లు వాటంతటవే ముడుచుకునేవి. పిలవడం, పెట్టడం, వదిలెయ్యడం, పూటకి ఇరవైసార్లు. స్నానానికీ మందుకీ పిలవడం మానేశాను. నేనే వెళ్లి ఎత్తుకొచ్చేదాన్ని. ఇంటికెళ్లేటప్పుడు కూడా పిలిచి బెల్టు వెయ్యడం కాదు, పక్కన కూర్చుని కాసేపు ఆడి, ఊరికే ఉన్నప్పుడు వేసేదాన్ని. మొదట రెండు బారల దగ్గర ఆగేది, ముక్క అక్కడికే విసిరేదాన్ని. వారానికి ఒక బార తగ్గింది. ఆ తర్వాత ఒకరోజు నా మోకాలికి మూతి ఆనించింది. అక్కడే కూర్చుని దానికి క్షమాపణ చెప్పాను. విన్నదో లేదో, డబ్బా వాసన చూసింది.

సికింద్రాబాద్‌లో పట్టపగలు గ్రౌండు మధ్య నిలబడి ఒక ఆడమనిషి ఆమెన్, ఆమెన్ అని కేకలు వేస్తే ఊరుకుంటారా? నడిచేవాళ్లు దూరంగా జరిగారు. టీ బండి చాచా మాత్రం రెండు రోజులు చూసి, "క్యా మేడం, ఆమీన్ బోల్తే ఆతా హై క్యా?" అని అడిగాడు, ఆ మాట అంటే వస్తుందా అని. తానూ ఒకసారి అని చూశాడు. బిస్కెట్ చేతిలో పెట్టుకుని అన్నాడు కాబట్టి వెళ్లింది. ఆ రోజు నుంచి ఆయన నా పక్షం. సంగతి చర్చి దాకా పాకింది. గృహప్రార్థనకి వచ్చిన స్త్రీల సమాజం ప్రెసిడెంటమ్మగారు ప్రత్యేకంగా మా ఇంటికొచ్చారు.

"అమ్మా, సంఘంలో మాటొచ్చింది. పరిశుద్ధమైన మాట అది. వేరే మాట ఏదైనా పెట్టుకోకూడదూ?"

"వేరే మాటలన్నీ నేను పాడుచేసిన అమ్మగారూ. పేరు పాడుచేసిన, ఈల పాడుచేసిన. చెడకుండా ఉన్నది గదొక్కటే. నెల పోతే దాన్ని బండి ఎత్తుకపోతది. మీరు సంఘం తరఫున కమిటీకి ఓ మాట చెప్తారా?"

"సంఘానికెందుకమ్మా మీ బిల్డింగు గొడవలు?"

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననియ్యదు. గట్లున్నది మీ మాట" అన్నాను. ఆమె కాఫీ సగంలో వదిలేసి లేచింది. మా అత్తమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె ఆ కప్పు తీసి సింకులో పెడుతూ, "కాఫీలో పంచదార ఎక్కువైందేమో" అంది, అంతే.

గడువు ఆదివారం వచ్చింది. అత్తమ్మ గ్రౌండుకి రానంది, ఇంట్లోనే ఉంటానంది. మా ఆయన బండి సిగ్నల్ కోసం ఎక్కడో లూప్ లైన్లో ఆగి ఉంది. నేను, కుక్క, డబ్బా. సెక్రటరీగారు నలుగురు కమిటీ సభ్యులతో ముందే వచ్చి నిలబడ్డాడు. చేతిలో గుడ్డసంచి. ఆయన కదిలినప్పుడల్లా అందులో ఇనుము చప్పుడవుతోంది. కొత్త గొలుసు. ముందే కొనుక్కొచ్చాడు.

బెల్టు తీశాను. అది గ్రౌండులోకి దూసుకుపోయింది. గ్రౌండు అవతలి గోడకి ఒక చోట కూలి సందుంది. సందు దాటితే రోడ్డు. గోడ దగ్గర రెండు కుక్కలు ఒక కోడిబొమిక కోసం పెనుగులాడుకుంటున్నాయి. ఇది వాటి దగ్గరికి పోయింది.

"ఇగ పిలువుండ్రి" అన్నాడు సెక్రటరీగారు.

"ఆమెన్!" అన్నాను.

అది ఆగి చూసింది. తల వంచింది. నా వైపు రాలేదు. మళ్లీ అన్నాను, ఇంకా గట్టిగా. అది రెండడుగులు గోడవైపు జరిగింది. వెనకనుంచి ఎవరో చిన్నగా నవ్వారు.

"అయిపాయె టీచరమ్మా. రెండుసార్లు పిలిచిన్రు" అన్నాడాయన. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారింది.

ఇంకో పది అడుగులేస్తే అది రోడ్డు మీద ఉంటుంది. వెయ్యకపోయినా రేపటికి దాని మెడకి ఇనుము. అప్పుడు నా గొంతు నాకే వినపడింది. మాట అత్తమ్మది, గొంతు పేపరు మడిచిన రోజుది. నేను దాన్ని పిలవడం లేదు, వీళ్ల మీద గెలవడానికి అరుస్తున్నాను. దానికది తెలిసిపోయింది. కుక్కకి తెలియకపోవడమేమిటి?

నేను మట్టిలో చతికిలబడ్డాను. డబ్బా మూత తీసి ఒళ్లో పెట్టుకున్నాను. కళ్లు మూసుకుని, మా అత్తమ్మ టేబుల్ దగ్గర చేసినట్టు, పైకి వినిపించేలా మొదలుపెట్టాను. ఎవరు నవ్వితే నాకేం?

"తండ్రీ, ఈ ముక్కల కోసం నీకు వందనాలు. బండి మీద ఉన్న మా ఆయన్ని కాపాడు. ఇంట్లో ఉన్న మా అత్తమ్మ మోకాళ్లు కాపాడు. ఇక్కడ నిలబడ్డ సెక్రటరీగారి బీపీ తగ్గించు, ఆయన మంచోడే, జెర తొందర ఎక్కువ. కమిటీవాళ్లందరికీ ఓపిక ఇయ్యి. నన్ను మన్నించు, నేను దాన్ని కొట్టిన. నోరులేని జీవం, దాన్ని నాకు ఇయ్యి. అడుగుతున్న. ఆమెన్."

ఆఖరి మాట మెల్లగానే వచ్చింది. కళ్లు తెరవడానికి ధైర్యం చాలలేదు. మట్టి మీద గోళ్ల చప్పుడు వినిపించింది. తడి ముక్కు నా చేతికి తగిలింది. అది తలంతా డబ్బాలో దూర్చేసింది, ఉన్నవన్నీ మింగేసింది.

తలెత్తి చూస్తే సెక్రటరీగారు చేతులు జోడించుకుని నిలబడి ఉన్నాడు. దేవుడి పేరు వినగానే అలవాటుగా జోడించినట్టున్నాడు. నన్ను చూసి గబుక్కున విడదీశాడు.

"వచ్చింది కదా, పట్టుకోండి! పట్టుకోండి టీచరమ్మా, మళ్లీ ఉరుకుతది!" అని సంచిలోంచి గొలుసు తీశాడు.

అది నా చేతికింద ఉంది. నా వేళ్ల మధ్య మెడ మీది ఆ గీత. పట్టుకుంటే అయిపోతుంది. పందెం గెలిచినట్టే, కుక్క దక్కినట్టే. నేను చెయ్యి తీసేశాను. "పో" అన్నాను. అది పోయింది, మళ్లీ గోడ దాకా.

"ఏందమ్మా గిది! చేతికొచ్చినదాన్ని వదిలిపెట్టిన్రు?"

"పిలిస్తే వచ్చింది సార్. వచ్చినందుకు మెడ పట్టుకుంటే, రేపు లారీ ఎదురుంగ ఉన్నప్పుడు ఎందుకొస్తది? మీరైతే వస్తరా?"

అందరం గోడవైపు చూస్తున్నాం. డబ్బా ఖాళీ. కొంగు ముడిలోనూ ఏం లేదు. రాకపోతే నా మాటా పోయింది, అదీ పోయింది. అయినా ఇంకోసారి అన్నాను, అన్నానికి పిలిచినట్టు.

అది కోడిబొమిక వదిలేసి పరిగెత్తుకొచ్చింది. రెండు చేతులూ చాపి చూపించాను, ఏమీ లేదే అని. ఒక అరచెయ్యి వాసన చూసింది. రెండోది నాకింది. నా పక్కనే కూర్చుంది, కమిటీకేసి చూస్తూ. నేను ఏడ్చేశాను. అందరి ముందు, మట్టిలో కూర్చుని, చిన్నపిల్లలా ఏడ్చాను. ఏడ్చినందుకు సిగ్గుపడలేదు.

సెక్రటరీగారు గొలుసు సంచిలో వేసుకున్నాడు. "సరే తియ్యుండ్రి, ఇది దుకాణంల వాపస్ ఇస్త. చీకటైతున్నది, దాన్ని తీస్కొని నడువుండ్రి" అన్నాడు, నా ముఖం చూడకుండా.

"మీరు పోండి సార్" అన్నాను, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "మా ఆట ఇంక అయిపోలే."